చింతపిక్కలకి అంకెలుండవు: ప్రైమ్ నంబర్ల మీద ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చేయండి, ఇక్కడ కింద చాపలు వేశారు, పిల్లలు చాపల మీద సర్దుకుంటే పెద్దవాళ్ళకి కుర్చీలు సరిపోతాయి. మైక్ చివరిదాకా వినిపిస్తోందా? సరే.

నేను ఏడో క్లాసులో ఉన్నప్పుడు వందలోపు ప్రైమ్ నంబర్లు, అదే మన పుస్తకాల్లో ప్రధాన సంఖ్యలు అంటారు కదా, అవన్నీ రాయమన్నారు పరీక్షలో. నేను 91 కూడా రాసేశాను. చూడండి ఎలా ఉంటుందో 91, సరిసంఖ్య కాదు, చివర అయిదు లేదు, మూడో ఎక్కంలో రాదు, అచ్చం ప్రైమ్ లాగే కనిపిస్తుంది. మా లెక్కల మాస్టారు మార్కు తీసేసి ఊరుకోలేదు, మర్నాడు ఇంటి నుంచి చింతపిక్కలు తెమ్మన్నారు, 91 లెక్కపెట్టి స్కూలు వరండాలో వరసలుగా పేర్చమన్నారు. రెండేసి పేర్చాను, ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాను, ఒకటి మిగిలింది. అయిదేసి పేర్చినా ఒకటే మిగిలింది. ఇంక ఇది ప్రైమేనండీ అన్నాను. ఏడేసి పెట్టు అన్నారాయన. ఏడేసి పెడితే పదమూడు వరసలు, ఒక్క పిక్క కూడా మిగల్లేదు. ఆ గచ్చు మీద ఎర్రటి పిక్కలు చాపలాగా అలా పరుచుకుని ఉండటం నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

అంటే ప్రైమ్ అంటే ఏంటి, ఎలా పేర్చినా దీర్ఘచతురస్రం రాని కుప్ప. ఒకే ఒక్క పొడుగు వరసగా తప్ప ఇంకోలా సర్దలేం. ఏడు పిక్కలు, పదకొండు పిక్కలు, పదమూడు పిక్కలు, మీరు ఇంటికెళ్ళి ప్రయత్నించండి.

ఇప్పుడు ఒక్క విషయం గమనించండి, ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఆ పిక్కల కుప్పలో 9 అనే అంకె ఎక్కడుంది? 1 ఎక్కడుంది? ఎక్కడా లేదు. మనకి పది వేళ్ళున్నాయి కాబట్టి పదులుగా కట్టలు కట్టి 91 అని రాసుకుంటున్నాం. ఎనిమిదేసి కట్టలు కట్టేవాళ్ళయితే అదే కుప్పని 133 అని రాస్తారు. కంప్యూటర్ అయితే 1011011 అంటుంది. పిక్కలు మాత్రం మారలేదు, ఏడు పదమూళ్ళు అలాగే ఉన్నాయి. అంటే ప్రైమ్ అవ్వడం అనేది కుప్పకి సంబంధించిన సంగతి, అంకెలు మనం తొడిగిన చొక్కా. మరి చొక్కా చూసి లోపలి మనిషి గురించి ఏమైనా చెప్పగలమా?

కొంత చెప్పగలం. చివరి అంకె 0, 2, 4, 6, 8 అయితే రెండుతో పోతుంది, 5 అయితే అయిదుతో పోతుంది, కాబట్టి 2, 5 తప్పించి ప్రతి ప్రైమూ 1, 3, 7, 9లో ఏదో ఒక దాంతోనే ముగియాలి. ఇది అందరికీ తెలిసిందే. అంకెలు కూడితే మూడుతో పోతే సంఖ్య కూడా మూడుతో పోతుంది, ఇదీ తెలుసు, కానీ ఎందుకో అడిగితే చాలామంది ఆగిపోతారు. పిక్కలతోనే చూద్దాం. 742 పిక్కలున్నాయి అనుకోండి. ఏడు వందలు, నాలుగు పదులు, రెండు విడి పిక్కలు. ప్రతి వందలోంచీ 99 తీసి పక్కన పెట్టండి, 99 మూడుతో పోతుంది కాబట్టి దాంతో మనకి గొడవ లేదు, వందకి ఒక్క పిక్క మిగిలింది. ప్రతి పదిలోంచీ 9 తీసేయండి, పదికి ఒక్కటి మిగిలింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి ఏడు, నాలుగు, రెండు, మొత్తం పదమూడు. ఆ పదమూడు మూడుతో పోతే 742 పోతుంది, పోకపోతే పోదు. అంకెల్ని కూడటం అంటే అసలు చేస్తున్నది ఇదీ.

పదకొండుకి ఇంకో పద్ధతి, చివరి నుంచి ఒకటి కూడి ఒకటి తీసేస్తూ వెళ్ళాలి, సున్నా వచ్చినా పదకొండు గుణిజం వచ్చినా ఆ సంఖ్య పదకొండుతో పోతుంది. దీన్నుంచి భలే సంగతి ఒకటి బయటపడుతుంది. మన తెనాలి రామకృష్ణుడి వికటకవి ఉంది కదా, ఎటు నుంచి చదివినా వికటకవే. వి, క, ట, క, వి, అయిదు అక్షరాలు, మధ్యలో ట ఒక్కటే ఒంటరిగా ఉంది. అంకెల్లో కూడా ఇలాంటివి ఉంటాయి, 101, 131, 151, 313, 797, ఇవన్నీ ప్రైమ్‌లే. మూడంకెల్లో ఇలాంటి ప్రైమ్‌లు పదిహేను ఉన్నాయి. నాలుగంకెల్లో ఎన్ని ఉన్నాయో తెలుసా, ఒక్కటి కూడా లేదు. ఆరంకెల్లో లేదు, ఎనిమిదంకెల్లో లేదు. ఎందుకంటే అంకెలు సరిసంఖ్యలో ఉంటే మధ్యలో ఒంటరి ట ఉండదు, ప్రతి అంకెకీ ఒక జోడీ ఉంటుంది, ఆ జోడీలో ఒకటి కూడే చోట పడితే రెండోది తీసేసే చోట పడుతుంది, మొత్తం కొట్టుకుపోయి సున్నా వచ్చేస్తుంది. 7337 చూడండి, 11 సార్లు 667. 1001 చూడండి, 11 సార్లు 91. మళ్ళీ మన 91 వచ్చింది! అంచేత సరిసంఖ్యలో అంకెలున్న ఈ జాతిలో ప్రైమ్ అంటే పదకొండు ఒక్కటే, ఎటు చదివినా ఒకేలా ఉండే మిగతా ప్రైమ్‌లన్నీ వికటకవి లాగా బేసి సంఖ్యలో అంకెలతోనే ఉండాలి.

1001 వచ్చింది కాబట్టి దాంతో ఒక ఆట ఆడదాం. అమ్మా, పచ్చ చున్నీ, నువ్వే, ఏదైనా మూడంకెల సంఖ్య చెప్పు. (సభలోంచి: 358) 358. దాన్నే పక్కన మళ్ళీ రాయండి అందరూ, 358358. ఇప్పుడు ఏడుతో భాగించండి. (బోర్డు మీద చేస్తూ) 51194, శేషం లేదు. దాన్ని పదకొండుతో భాగించండి. 4654. దాన్ని పదమూడుతో. అమ్మా ఎంత వచ్చింది? 358, నువ్వు చెప్పిందే తిరిగొచ్చింది. నువ్వు ఏ సంఖ్య చెప్పినా ఇంతే, ఎందుకంటే పక్కన మళ్ళీ రాయడమంటే 1001తో గుణించడమే, 1001 అంటే ఏడు పదకొండ్లు పదమూళ్ళు. కాబట్టి అలా రెండుసార్లు రాసిన ఆరంకెల సంఖ్య ఎప్పటికీ ప్రైమ్ కాలేదు.

ఇక్కడ దాకా వచ్చిన వాటిల్లో ఒక పోలిక ఉంది చూశారా, అంకెలు చూసి చెప్పగలిగిందంతా "కాదు" అనే. ఇది ప్రైమ్ కాదు, అది ప్రైమ్ కాదు. "అవును, ఇది ప్రైమే" అని అంకెల మొహం చూసి చెప్పే సూత్రం ఒక్కటి కూడా మన దగ్గర లేదు. నేను ఏడో క్లాసులో చేసిన పొరపాటు అదే, అంకెలు కాదనలేదు కాబట్టి అవును అనుకున్నాను.

ఇప్పుడు మన తెలుగువాడి దగ్గరికి వస్తాను. పావులూరి మల్లన, నన్నయకి దగ్గరి కాలంవాడు, మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాయన. చదరంగం కథ మీకు తెలుసు, మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, తర్వాత నాలుగు, అలా రెట్టిస్తూ అరవై నాలుగు గళ్ళకీ మొత్తం ఎన్ని గింజలు. ఆ జవాబు మల్లన పద్యంలో ఉంది, అంకెలతో కాదు, మాటలతో. శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు. శర అంటే మన్మథుడి బాణాలు, అయిదు. శశి చంద్రుడు, ఒకటి. రంధ్రాలు మన ఒంటికి తొమ్మిది. వియత్ ఆకాశం, సున్నా. నగ అంటే కొండలు, ఏడు. అగ్నులు మూడు. పద్మజుడి ముఖాలు నాలుగు. కుంజరాలు దిక్కుల్ని మోసే ఏనుగులు, ఎనిమిది. ఈ పద్ధతిలో అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, అంటే మొదట విన్న మాట ఒకట్ల స్థానం. అలా రాసుకుంటూ వెళ్తే ఇదుగో, (రాస్తూ) 18446744073709551615. ఇరవై అంకెలు, ఒక్కటి కూడా తప్పు లేదు, నేను ప్రతి మాటా విడదీసి సరిచూసుకున్నాను, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు సంతోషంతో.

ఇది ప్రైమా? పద్యంలో మొదటి మాటే చెప్పేసింది, శర, అయిదు, చివరి అంకె అయిదు కాబట్టి అయిదుతో పోతుంది. అంకెలు కూడండి, 87 వస్తుంది, మూడుతోనూ పోతుంది. పూర్తిగా విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417, ఈ ఏడు ప్రైమ్‌ల లబ్ధం. ఇందులో 641, 6700417 వెనక పెద్ద కథ ఉంది. ఈ రెండిటి లబ్ధం 4294967297. ఫ్రాన్స్‌లో ఫెర్మా అంతటి గణితజ్ఞుడు దాన్ని ప్రైమ్ అనుకున్నాడు, చివర 7, అంకెల మొత్తం 59, అంకెలు దేనికీ కాదనవు మరి. 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితజ్ఞుడు వచ్చి 641తో పోతుందని చూపించాడు. అంటే ఫెర్మాని అన్నేళ్ళు ఊరించిన సంఖ్య ముక్కలు మన చదరంగం పద్యం కడుపులో ఉన్నాయి అన్నమాట.

మల్లనకి ఆధారమైన మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దం వాడు, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. ఆయనకి హారాల్లాంటి గుణకారాలంటే ఇష్టం, రెండు వైపుల నుంచీ ఒకేలా కనిపించే జవాబులు. 152207ని 73తో గుణించండి, 11111111 వస్తుంది. ఎనిమిది ఒకట్లు. దీన్ని తిప్పి చూస్తే ఏంటి, వట్టి ఒకట్లతో కట్టిన సంఖ్య ప్రైమ్ కాదు, 11, 73, 101, 137 గా విడిపోయింది. మరి ఒకట్లు మాత్రమే ఉన్న ప్రైమ్‌లు అసలు ఉన్నాయా? 11 ఉంది. 111 అంటే 3 సార్లు 37. 11111 అంటే 41 సార్లు 271. ఏడు ఒకట్లు 239 సార్లు 4649. ఇలా పోతూ పోతూ పంతొమ్మిది ఒకట్ల దగ్గర మళ్ళీ ప్రైమ్ తగులుతుంది, తర్వాత ఇరవై మూడు ఒకట్లు, ఆ తర్వాత ఏకంగా 317 ఒకట్లు, తర్వాత 1031. ఇవి ఎప్పటికీ వస్తూనే ఉంటాయా, ఎక్కడో ఆగిపోతాయా అనేది ఈ రోజుకీ ప్రపంచంలో ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు ఒక పెద్దమనిషి అభ్యంతరం మీ ముందు పెట్టాలి. హార్డీ, మన రామానుజన్‌ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీ. ఆయన 1940లో రాసిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఇచ్చాడు. 8712ని తిరగేస్తే 2178, దానికి సరిగ్గా నాలుగు రెట్లు. 9801ని తిరగేస్తే 1089, దానికి తొమ్మిది రెట్లు. నాలుగంకెల్లో ఇలాంటివి ఈ రెండే. ఇది చెప్పి ఆయన ఏమన్నాడంటే, ఇలాంటివి పేపర్లో పజిళ్ళకి బావుంటాయి కానీ గణితజ్ఞుడిని పెద్దగా ఆకట్టుకునేదేం ఇందులో లేదు అన్నాడు. ఆయన వాదన అర్థమైంది కదా, నేను మొదట్లో చెప్పిన చొక్కా సంగతే. పది వేళ్ళ వల్ల వచ్చిన యాదృచ్ఛికం మీద బుర్ర ఎందుకు పాడుచేసుకోవాలి అని.

హార్డీ అంటే నాకు చాలా గౌరవం, అయినా ఈ మాట నేను సగమే ఒప్పుకుంటాను. ముందు ఒప్పుకునే సగం చూపిస్తాను.

(బోర్డు మీద రాస్తూ) 73939133. ఇది ప్రైమ్. డస్టర్ తీసుకుని చివరి 3 తుడిచేస్తున్నాను, 7393913, ఇదీ ప్రైమే. మళ్ళీ తుడుస్తున్నాను, 739391, ప్రైమ్. 73939, ప్రైమ్. 7393, 739, 73, 7. చివరిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. కుడి నుంచి ఇలా తుడుచుకుంటూ పోయినా నిలిచే ప్రైమ్‌లు మొత్తం 83, అందులో అన్నిటికన్నా పెద్దది ఇదే. దీనికి ఇంకో అంకె తగిలిద్దాం అంటే కుదరదు. 1 పెడితే అంకెల మొత్తం 39, 7 పెడితే 45, రెండూ మూడుతో పోతాయి. 3 పెట్టినా 9 పెట్టినా కూడా విడిపోతుంది, ఇక దారి లేదు. ఎడమ నుంచి తుడిస్తే మాత్రం ఇంకా చాలా దూరం వెళ్ళొచ్చు, అక్కడ అన్నిటికన్నా పెద్దదానికి ఇరవై నాలుగు అంకెలు.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, 294001. ప్రైమే. కానీ దీన్ని ముట్టుకుంటే పోతుంది. ఆరు స్థానాలున్నాయి, ఏ స్థానంలో అయినా ఒక్క అంకెని ఇంకో అంకెగా మార్చండి, మొత్తం 54 రకాలుగా మార్చొచ్చు, 54 సార్లూ ప్రైమ్‌తనం పోతుంది. చివరి 1ని 3 చేస్తే అంకెల మొత్తం 18, పోయింది. 7 చేస్తే 294007, ఇది ఏడు సార్లు 42001. 9 చేస్తే మొత్తం 24, పోయింది. పదుల స్థానంలో సున్నాని 1 చేశాననుకోండి, 294011, ఇది చాలా మొండిగా కనిపిస్తుంది, నేను చేత్తోనే భాగిస్తూ కూర్చున్నాను, ఏడు కాదు, పదకొండు కాదు, పదమూడు కాదు, పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్ఫై ఒకటి, ముప్ఫై ఏడు, ఏదీ కాదు, 41 దగ్గర లొంగింది. 41, 71, 101 లబ్ధం. మూడూ ఒకటితోనే ముగుస్తున్నాయి చూడండి. మొదటి 2ని సున్నా చేస్తే 94001, అది 23, 61, 67 లబ్ధం. ఇంత సున్నితంగా ఉండే ప్రైమ్‌లలో అన్నిటికన్నా చిన్నది 294001. అబ్బే, ఇది చొక్కా ముచ్చటే కదా మాస్టారూ, ఎనిమిదేసి కట్టలు కడితే ఈ గుణం ఉండదు కదా అంటారు. నిజమే. హార్డీ చెప్పింది దీనికి సరిపోతుంది అనిపిస్తుంది. కానీ ఇలాంటి ప్రైమ్‌లు అనంతంగా ఉన్నాయని 1979లో హంగేరీ గణితజ్ఞుడు ఎర్డోష్ నిరూపించాడు, అది చొక్కా ముచ్చట కాదు, దానికి నిజమైన గణితం కావాలి.

ఇక ఒప్పుకోని సగం. 7 అనే అంకె ఎక్కడా రాకుండా ప్రైమ్‌లు రాయండి. 2, 3, 5, 11, 13, 19, 23, 29, ఇలా. ఇవి అనంతంగా ఉంటాయా? చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలా ఉంది. కానీ ఆలోచించండి, సంఖ్య పొడుగయ్యే కొద్దీ ఎక్కడో ఒక చోట ఏడు తగలకుండా ఉండటం కష్టమైపోతుంది, వంద అంకెల లోపు ఉన్న సంఖ్యల్లో ఏడు అస్సలు లేనివి దాదాపు 37 వేలకి ఒకటే. అంత పలచటి జల్లెడలో ప్రైమ్‌లు ఎప్పటికీ దొరుకుతూనే ఉంటాయని చెప్పడం మాటలు కాదు. జేమ్స్ మేనార్డ్ అని ఇంగ్లండ్ కుర్రాడు, గణితంలో నోబెల్ లాంటి ఫీల్డ్స్ మెడల్ 2022లో వచ్చింది ఆయనకి, ఆయన దీన్ని నిరూపించాడు, ఏడుకే కాదు, మీరు ఏ అంకె వద్దన్నా సరే. దేంతో నిరూపించాడో తెలుసా? వృత్త పద్ధతి అంటారు, రామానుజన్, హార్డీ కలిసి 1918లో సంఖ్యల విభజనల కోసం, అంటే ఒక సంఖ్యని చిన్న సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కపెట్టడం కోసం, మొదలుపెట్టిన పద్ధతి, తర్వాత హార్డీ, ఆయనతో కలిసి పనిచేసిన గణితజ్ఞుడు లిటిల్‌వుడ్ కలిసి పెంచారు. అంకెల ప్రశ్నలో గణితం లేదన్న హార్డీ, ఆ ప్రశ్నని తెరిచే తాళంచెవి తనే చేసిపెట్టి వెళ్ళాడు. ఇది చదివిన రోజున నాకు కళ్ళు చెమర్చాయి, నిజంగా చెప్తున్నాను.

ఇంకోటి. ప్రైమ్ అంకెలు కూడితే వచ్చే మొత్తం బేసి అవుతుందా సరి అవుతుందా? 13కి 4, సరి. 23కి 5, బేసి. 1968లో రష్యాలో గెల్ఫోండ్ అనే గణితజ్ఞుడు ఇలాంటి ప్రశ్న వేస్తే, 2010లో మోదుయీ, రివా అని ఇద్దరు ఫ్రెంచివాళ్ళు జవాబు ప్రచురించారు, దూరం వెళ్ళేకొద్దీ సగం సగం. నాణెం ఎగరేసినట్టే. నలభై ఏళ్ళు పట్టింది ఆ సగం సగం అని చెప్పడానికి.

నాణెం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. చెన్నైలో పెరిగి ఇప్పుడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో ఉన్న గణితజ్ఞుడు కణ్ణన్ సౌందరరాజన్ ఒక లెక్చర్‌లో నాణెం గురించి విన్నారు. నాణెం ఎగరేస్తూ ఉంటే బొమ్మ వెంటనే బొరుసు పడటానికి సగటున నాలుగు సార్లు ఎగరెయ్యాలి, బొమ్మ వెంటనే మళ్ళీ బొమ్మ పడటానికి ఆరు సార్లు. అది విని ఆయనకి ప్రైమ్‌ల మీద ఇలాంటిదేమైనా ఉందా అని అనుమానం వచ్చింది, అప్పట్లో తనతో పనిచేస్తున్న రాబర్ట్ లెమ్కే ఆలివర్‌తో కలిసి లెక్కేయించారు. 1, 3, 7, 9, ఈ నాలుగు చివరి అంకెలూ ప్రైమ్‌లలో సమానంగా వస్తాయని వందేళ్ళ పైనుంచే తెలుసు. కాబట్టి 1తో ముగిసే ప్రైమ్ తర్వాత వచ్చే ప్రైమ్ కూడా 1తో ముగియడం నాలుగోవంతు సార్లు, 25 శాతం ఉండాలి అనుకుంటాం. మొదటి పది కోట్ల ప్రైమ్‌లలో చూస్తే 18 శాతం చిల్లరే ఉంది! 3 గానీ 7 గానీ రావడం ఒక్కొక్కటి 30 శాతం దాకా ఉంది. పక్కపక్క ప్రైమ్‌లు ఒకే చివరి అంకె పెట్టుకోవడానికి ఇష్టపడటం లేదు అన్నమాట. ఇది 2016లో బయటికొచ్చింది, అంతకుముందు ఇన్ని వందల ఏళ్ళుగా ప్రైమ్‌ల పట్టికలు చూస్తున్నవాళ్ళలో దీన్ని గమనించినవాళ్ళు చాలా తక్కువ. 1 నుంచి మళ్ళీ 1కి రావాలంటే మధ్యలో 3, 7, 9 దాటాలి కదా, అందుకే అంటారు చాలామంది, కానీ ఆ ఒక్క కారణం ఇంత తేడాకి చాలదు. పైగా పదులు వదిలేసి మూడేసి కట్టలు కట్టినా ఇదే గుణం కనిపించింది, అంటే ఇది చొక్కాది కాదు, లోపలి మనిషిది. ఎందుకు ఇలా అవుతుందో వాళ్ళు వివరించింది కూడా హార్డీ, లిటిల్‌వుడ్ వేసిన ఒక ఊహ ఆధారంగానే.

ఇంక సమయం అయిపోయింది అంటున్నారు. పిల్లలూ, అమ్మా పచ్చ చున్నీ నువ్వు కూడా రా, ఈ రెండు గుడ్డ సంచులూ తీసుకోండి. ఒక దాంట్లో 113 చింతపిక్కలున్నాయి, ఇంకో దాంట్లో 119. చివరి అంకెలు చూశారు, అంకెల మొత్తం చూశారు, దేనికీ కాదని రావట్లేదు. ఇక్కడ చాప మడత తీసి గచ్చు మీద పేర్చండి, ఒకటి దీర్ఘచతురస్రం అవుతుంది, ఇంకోటి అవ్వదు. పెద్దవాళ్ళు సాయం చెయ్యకండి.